రైఫిల్ బెడ్డింగ్‌కి ఏ రిలీజ్ ఏజెంట్ కొనాలి: షూ పాలిష్ నుంచి పీవీఏ దాకా

రైఫిల్ లోహపు భాగం (యాక్షన్) దాని చెక్క లేదా సింథటిక్ ఒంట్లో (స్టాక్) కదలకుండా కూర్చునేలా మధ్యలో ఎపాక్సీ పెట్టి అచ్చు తీయడమే బెడ్డింగ్. ఆ ఎపాక్సీ లోహానికి అతుక్కోకుండా ముందే పూసేది రిలీజ్ ఏజెంట్. రెమింగ్టన్ 700 లాంటి గుండ్రటి స్టీల్ యాక్షన్‌కి డెవ్‌కాన్, మెరీన్‌టెక్స్ లాంటి గట్టి ఎపాక్సీతో బెడ్డింగ్ చేస్తున్నారా? ఒక్కటే డబ్బా కొనాలంటే కివీ న్యూట్రల్ షూ పాలిష్ కొనండి. ఇదే మొదటిసారి అయితే, యాక్షన్ స్టాక్‌లోనే ఉండిపోతుందేమోనని గుబులుగా ఉంటే, పీవీఏ (ఆరితే పలచటి ప్లాస్టిక్ తొడుగయ్యే ద్రవం) తీసుకోండి. హోర్నడీ వన్ షాట్ లాంటి స్ప్రే డబ్బా స్క్రూలకీ, వాటి మరలకీ మంచి తోడు. మొత్తం పనికి అదొక్కటే వాడాలంటే రెండో వరసలో నిలబడుతుంది. వంటనూనె స్ప్రే, వాజలీన్, సిలికోన్ జోలికి మాత్రం పోవద్దు.

అమెరికాలో సొంత రైఫిల్‌కి సొంతంగా బెడ్డింగ్ చేసుకునే తెలుగువాళ్ళ కోసం రాస్తున్నది ఇది. అక్కడ మీ రైఫిల్ మీరు బెడ్డింగ్ చేసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. పక్కవాళ్ళ రైఫిళ్ళు తీసుకుని వ్యాపారంగా చేస్తే కావాలి. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద ఆయుధాల మరమ్మతు లైసెన్సున్నవాళ్ళ పని, కాబట్టి ఇక్కడివాళ్ళు లైసెన్సున్న గన్‌స్మిత్‌కే ఇవ్వాలి. ఎక్కడ చేసినా ముందు చేయాల్సింది ఒకటే: మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూసుకుని, బోల్టు బయటికి తీసేసి, ఆ తర్వాతే స్క్రూలు విప్పాలి.

రిలీజ్ ఏజెంట్ ఏం చేస్తుందో, ఏం చేయలేదో తెలిస్తేనే డబ్బా ఎంచుకోవడం తేలికవుతుంది. స్టీల్ ఎంత నున్నగా కనిపించినా దాని మీద కంటికి ఆనని గీతలు, గుంటలు ఉంటాయి. ఎపాక్సీ ద్రవంగా ఉన్నప్పుడు వాటిలోకి దిగి గట్టిపడుతుంది. ఆ గుంటల్ని మైనంతోనో, పలచటి ప్లాస్టిక్ పొరతోనో ముందే కప్పేస్తే ఎపాక్సీకి పట్టు దొరకదు. అంతవరకే దాని పని. లోపల వెడల్పుగా, మూతి ఇరుకుగా ఉన్న సందులోకి ఎపాక్సీ పోయి గట్టిపడితే అది జిగురు పట్టు కాదు, గొళ్ళెం పడ్డట్టు. అప్పుడు ఎన్ని పూతలు పూసినా యాక్షన్ పైకి రాదు. స్టాక్‌లో ఇరుక్కుపోయిన యాక్షన్లలో ఎక్కువ భాగం పాలిష్ సరిగ్గా పూయక ఇరుక్కున్నవి కావు. ట్రిగ్గర్ పిన్ను రంధ్రం మూయడం మరిచిపోతే ఇరుక్కున్నవి.

ఇంకో సంగతి: పూసిన పొర మందం ఎంతో, ఆ మేరకు బెడ్డింగ్ వదులు. మంచి బెడ్డింగ్‌ని పరీక్షించడానికి బారెల్‌కీ స్టాక్ ముందుకొసకీ మధ్య డయల్ ఇండికేటర్ బిగించి, ముందు యాక్షన్ స్క్రూ వదులు చేస్తారు. ముల్లు అంగుళంలో వెయ్యో వంతు, మహా అయితే రెండు వెయ్యో వంతులకి మించి కదలకూడదు. అంత సన్నటి లెక్కలో మైనం గడ్డలు కట్టినా, పీవీఏ మూలల్లో మడుగు కట్టినా అది కనబడకుండా పోదు. అట్టు పోసే ముందు పెనానికి ఉల్లిపాయ చెక్కతో నూనె రాస్తాం కదా, అంత పలచగా ఉండాలి పూత.

ముందుగా కివీ న్యూట్రల్. కార్నూబా మైనం, త్వరగా ఆరిపోయే ద్రావకం కలిసిన పాలిష్ ఇది. చిన్న డబ్బా ఒకటి కొంటే పది రైఫిళ్ళకి పైనే వస్తుంది. నల్లది, గోధుమ రంగుది కూడా అలాగే వదిలిస్తాయి కానీ, లేత రంగు వాల్‌నట్ స్టాక్ అంచుల్లో మరక దిగితే మళ్ళీ పోదు. అందుకే న్యూట్రల్. దాని చిక్కేమిటంటే ఎక్కడ పూశామో, ఎక్కడ వదిలేశామో ఓ పట్టాన కనిపించదు. గది దీపం ఆర్పి టార్చి లైటు యాక్షన్ పక్కనుంచి ఏటవాలుగా కొట్టండి. పూసిన చోట ఆవిరి పట్టిన అద్దంలా మసకగా ఉంటుంది, వదిలేసిన చోట లోహం తళుక్కుమంటుంది.

పూసే ముందు యాక్షన్‌ని ఎసిటోన్‌తో తుడవాలి. తుపాకీ నూనె మిగిలి ఉంటే మైనం పట్టదు, పట్టినట్టు కనిపించి జారిపోతుంది. పాత కాటన్ బనీను గుడ్డ వేలికి చుట్టి, బఠాణీ గింజంత పాలిష్ తీసుకుని, యాక్షన్ పొడవునా రుద్దండి. పది నిమిషాలు ఆరనిచ్చి, శుభ్రమైన గుడ్డతో తేలిగ్గా తుడిచి రెండో పూత వేయండి. రెండో పూతని గట్టిగా తుడవకూడదు. హెయిర్ డ్రయ్యర్ పెట్టి మైనం కొద్దిగా మెరిసేదాకా వేడి చేస్తే గుడ్డ గీతలు వాటంతటవే సర్దుకుని పొర సమంగా పరుచుకుంటుంది. ఈ వేడి పెట్టే పని చాలామంది చేయరు. చేయకపోతే ఏమవుతుందో బెడ్డింగ్ ఊడి వచ్చాక చూడొచ్చు: ఎపాక్సీ మీద గుడ్డ తుడిచిన చారలన్నీ అచ్చు గుద్దినట్టు దిగి ఉంటాయి.

తర్వాత కనీసం గంటసేపు వదిలేయాలి. ద్రావకం పూర్తిగా ఎగిరిపోకముందే ఎపాక్సీ తగిలితే, తగిలిన పైపొర మసకబారి, మెత్తగా మిగులుతుంది. పాలిష్ చేసిన స్టెయిన్‌లెస్ అయితే రెండు పూతలు చాలు. బీడ్ బ్లాస్ట్ చేసిన, పార్కరైజ్ చేసిన గరుకు యాక్షన్లకి మూడు వేయండి. గరుకుతనంలో మైనం ఇంకిపోతుంది, ఎపాక్సీకి పట్టు కూడా అక్కడే ఎక్కువ.

పేస్ట్ వ్యాక్స్ కూడా ఇదే కుటుంబం. పాత గైడ్లన్నిట్లో జాన్సన్స్ పేస్ట్ వ్యాక్స్ పేరే ఉంటుంది, కానీ ఆ కంపెనీ దాన్ని 2021లో ఆపేసింది. అల్మారాలో పాత డబ్బా దొరికితే నిశ్చింతగా వాడుకోవచ్చు. కొత్తగా కొనేవాళ్ళకి మిన్‌వాక్స్ ఫినిషింగ్ వ్యాక్స్ ఉంది. అచ్చులు పోసేవాళ్ళ కోసమే చేసిన మెగ్వయర్స్ మిర్రర్ గ్లేజ్ 8, పార్టాల్ పేస్ట్ 2 ఉన్నాయి. ఈ చివరి రెండూ పనితనంలో షూ పాలిష్‌కి ఏమాత్రం తీసిపోవు, పొర గట్టిగా నిలబడుతుంది. తేడా అంతా డబ్బా సైజులోనే. ఏడాదికి ఒక రైఫిల్ చేసేవాళ్ళకి అంత పెద్ద డబ్బా దండగ. కారు పాలిష్‌లు కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. క్లీనర్ వ్యాక్స్ అని రాసి ఉన్నవాటిలో అరగదీసే పొడి ఉంటుంది, చాలావాటిలో సిలికోన్ కూడా కలుస్తుంది.

ఇక పీవీఏ. పాలీవినైల్ ఆల్కహాల్‌ని నీళ్ళలో, ఆల్కహాల్‌లో కరిగించిన ద్రవం ఇది. ఆరితే పలచటి ప్లాస్టిక్ తొడుగు అవుతుంది. ఏక్రాగ్లాస్ అనే బెడ్డింగ్ ఎపాక్సీ కిట్ కొన్నవాళ్ళకి బ్రౌనెల్స్ రిలీజ్ ఏజెంట్ సీసా అందులోనే వస్తుంది. విడిగా కావాలంటే పార్టాల్ ఫిల్మ్ 10. మన ఊళ్ళలో ఫైబర్‌గ్లాస్ పని చేసేవాళ్ళకి ఈ సరుకు కొత్త కాదు. ముందు వ్యాక్స్ రుద్ది, పైన పీవీఏ పూసి, అచ్చులోంచి ఫైబర్ ఊడదీయడం వాళ్ళకి రోజూ ఉండే పనే.

దీని బలం నమ్మకం. పొర తెగకుండా అంతటా ఉంటే ఎపాక్సీ అసలు లోహాన్ని తాకనే తాకదు. ఎక్కడ పూత పడిందో కూడా తేలిగ్గా తెలుస్తుంది. బలహీనత మందం. బ్రష్షుతో ధారగా పూస్తే రికాయిల్ లగ్ (కాల్చినప్పుడు వెనక్కి వచ్చే తోపుని స్టాక్‌కి అందించే, యాక్షన్ కింద పొడుచుకొచ్చిన లోహపు పలక) యాక్షన్‌ని కలిసే మూలలో కారిపోయి చేరుతుంది. సరిగ్గా ఆ మూలలోనే బెడ్డింగ్ అచ్చంగా కూర్చోవాలి. కాబట్టి బ్రష్షు వద్దు. స్పాంజి ముక్కనో, మేకప్ స్పాంజినో సీసా మూతికి తడిపి, పిండేసి, ఒకే దిశలో ఒక్కసారి లాగండి. పదిహేను ఇరవై నిమిషాలు ఆరాక ఇంకోటి. రెండు పూతలు చాలు, మూడోది వేస్తే బెడ్డింగ్‌లో వదులు పెరుగుతుంది. హ్యూస్టన్ లాంటి చోట వేసవి ఉక్కపోతలో అయితే ఒక్కో పూతకి గంట ఇచ్చినా తప్పు లేదు. తడి లోపల ఉండగానే ఎపాక్సీ పెడితే పొర ముడతలు పడుతుంది, ఆ ముడతలన్నీ బెడ్డింగ్ మీద అచ్చవుతాయి.

మొదటి పూత చుక్కలు చుక్కలుగా విడిపోతోందంటే లోహం మీద నూనె ఉన్నట్టు. తుడిచేసి, ఎసిటోన్ పెట్టి, మళ్ళీ మొదలుపెట్టండి. పైన ఇంకో పూత వేసి కప్పేద్దామనుకుంటే ఆ చుక్కల మధ్య ఖాళీల్లోనే ఎపాక్సీ పట్టేస్తుంది. ఇంకో ప్రమాదం, యాక్షన్‌ని స్టాక్‌లోకి దించేటప్పుడు పదునైన చెక్క అంచు తగిలి పొర చిరగడం. చిరిగితే దాని కింద ఇంకేం రక్షణ లేదు. అందుకని పీవీఏ వాడేవాళ్ళు కింద ఒక పలచటి వ్యాక్స్ పూత వేసుకుంటే మంచిది, సిలికోన్ లేని వ్యాక్స్ అయితేనే. పని అయ్యాక పీవీఏ గోరువెచ్చటి నీళ్ళతో కడిగితే పోతుంది, ఇది పెద్ద సుఖం. కానీ బ్లూయింగ్ (తుప్పుని ఆపే నీలి నలుపు పూత) ఉన్న స్టీల్ మీద నీళ్ళు పోశాక ఆ పూటే పూర్తిగా ఆరబెట్టి నూనె పెట్టాలి. ట్రిగ్గర్ పిన్ను రంధ్రాల్లో, స్క్రూ రంధ్రాల్లో తడి నిలిచిందంటే తెల్లారేసరికి తుప్పు.

స్ప్రేలలో హోర్నడీ వన్ షాట్ పేరు ఎక్కువగా వినిపిస్తుంది. కాట్రిడ్జి కేసుల సైజింగ్ (వాడిన తూటా గుల్లల్ని మళ్ళీ కొలతకి నొక్కడం) కోసం చేసిన లూబ్ అయినా, ఆరాక పలచటి మైనంలాంటి పొర మిగులుతుంది కాబట్టి బెడ్డింగ్‌కి పనికొస్తోంది. డబ్బాని బాగా కుదిపి, అడుగు దూరం నుంచి కొట్టి, ఆరనిచ్చి, మళ్ళీ కొట్టాలి. మూడు సార్లు. మందం విషయంలో దీన్ని మించింది లేదు. స్క్రూ మరల్లోకి, ట్రిగ్గర్ గూడు మూలల్లోకి గుడ్డ వెళ్ళదు, ఇది వెళ్తుంది. మా మార్కులు తగ్గింది ఒక్క కారణంతో: సమంగా పడిందో లేదో చూసి చెప్పడం కష్టం, చేతితో రుద్ది సరిచేసే వీలూ లేదు. పైగా స్ప్రే తుంపర స్టాక్ లోపల పడితే అక్కడ ఎపాక్సీ చెక్కని పట్టుకోదు. స్టాక్ ఒక గదిలో, స్ప్రే ఇంకో గదిలో, వీలైతే పెరట్లో.

వద్దన్నవాటి సంగతి రెండు ముక్కల్లో. వంటనూనె స్ప్రే, గన్ ఆయిల్ ద్రవాలు. డెవ్‌కాన్ పుట్టీ లాంటి చిక్కటి పదార్థం ఒత్తుకుంటూ వస్తే అవి పక్కకి తోసుకుపోతాయి, లేదా ఎపాక్సీలో కలిసి పైపొరని జిడ్డుగా చేస్తాయి. వాజలీన్ వదిలిస్తుంది కానీ వేలిముద్రలతో సహా అచ్చు దింపుతుంది. సిలికోన్ స్ప్రే ఒకసారి స్టాక్‌కి తగిలిందంటే తర్వాత వార్నిష్ కూడా పట్టదు.

డబ్బా ఏదైనా, పూయడానికి ముందు చేసే పనే యాక్షన్‌ని బయటికి రప్పించేది. పిల్లలు బొమ్మలు చేసుకునే నూనె మట్టి, అదే ప్లాస్టిసిన్, ఒక పెట్టె తెచ్చుకోండి. ట్రిగ్గర్ పిన్ను రంధ్రాలు, బోల్టు స్టాప్ గాడి, మ్యాగజైన్ కట్ అంచులు, యాక్షన్ కింద కనిపించే ప్రతి రంధ్రం, ప్రతి సందు నింపి, రేజర్ బ్లేడుతో యాక్షన్ ఒంపుకి సమంగా గీకేయాలి. మట్టి పొంగుగా ఉంటే బెడ్డింగ్‌లో గుంట పడుతుంది, లోతుగా ఉంటే ఎపాక్సీ మేకులా దిగుతుంది. గుండ్రటి యాక్షన్‌లో అడుగు నుంచి సగం ఎత్తు దాకా సరే, ఆ సగం గీత దాటి ఎపాక్సీ పైకి ఎక్కితే అది యాక్షన్‌ని కౌగిలించుకున్నట్టే. స్టాక్ పై అంచు ఆ గీతకి పైన ఉంటే, గీత దగ్గర యాక్షన్ పొడవునా టేపు వేయండి.

రికాయిల్ లగ్‌కి ముందు వైపు, రెండు పక్కలా, అడుగున పది మిల్లు (అంగుళంలో పది వెయ్యో వంతులు) మందం పైపు టేపు అంటించాలి. వెనక ముఖానికి టేపు వద్దు, పాలిష్ ఒక్కటే. కాల్చినప్పుడు యాక్షన్ వెనక్కి తోసేది ఆ ముఖం మీదే కాబట్టి అక్కడ అచ్చంగా ఆనాలి. మిగతా మూడు వైపులా కొద్దిగా ఖాళీ ఉంటే విప్పి బిగించిన ప్రతిసారీ ఎపాక్సీ గీరుకుపోకుండా ఉంటుంది. టేపు అంచు వెనక ముఖం మీదికి వెంట్రుకంత కూడా మడతపడకూడదు, బ్లేడుతో నిక్కచ్చిగా కోయండి. టేపు మీద కూడా పాలిష్ పూయాలి. టేపుకి ఎపాక్సీ బాగానే పట్టుకుంటుంది, పూయకపోతే యాక్షన్ బయటికొచ్చి టేపు గుంటలో ఉండిపోతుంది.

స్క్రూలకి, గైడ్ స్టడ్‌లకి (బెడ్డింగ్ అప్పుడు స్క్రూల బదులు పెట్టే తల లేని మరల కడ్డీలు) పాలిష్ దండిగా పట్టించండి. అక్కడ మందం లెక్క లేదు. మరల సందులు మైనంతో నిండిపోయినా ఫర్వాలేదు. స్టడ్ మధ్యలో రెండు చుట్లు ఎలక్ట్రికల్ టేపు వేస్తే రంధ్రం మధ్యకి వచ్చి నిలబడుతుంది. స్క్రూ రంధ్రాల్లో కూర్చునే అల్యూమినియం గొట్టాల (పిల్లర్ల) బయటి ఒంటికి మాత్రం పాలిష్ తగలనివ్వకూడదు, అవి స్టాక్‌కి అతుక్కోవాల్సినవి. ఈ పొరపాటు జరిగితే ఆ రోజు ఏమీ తెలియదు. కొన్ని వందల గుండ్లు కాల్చాక పిల్లర్ వదులై కదలడం మొదలుపెడుతుంది. పాలిష్ రాసిన చేతి తొడుగులు మార్చకుండా స్టాక్ లోపలి పని ముట్టుకోవడం వల్లే ఎక్కువగా ఇలా అవుతుంది. స్టాక్ బయటి అంచులకి మాస్కింగ్ టేపు వేసి, దాని మీద ఒక పూత వ్యాక్స్ రాస్తే, బయటికి కారిన ఎపాక్సీ తేలిగ్గా వస్తుంది.

డెవ్‌కాన్ 10110 ప్లాస్టిక్ స్టీల్ పుట్టీ బరువు లెక్కన తొమ్మిది పాళ్ళకి ఒక పాలు హార్డెనర్. చిన్న డిజిటల్ త్రాసు పెట్టుకోండి. ఏక్రాగ్లాస్ జెల్ అయితే సమపాళ్ళు. హార్డెనర్ తక్కువై సరిగా గట్టిపడని ఎపాక్సీ స్టీల్‌ని జిగురుగా పట్టుకుంటే ఆ నింద రిలీజ్ ఏజెంట్ మీద పడుతుంది. 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర డెవ్‌కాన్ పని చేయడానికి 45 నిమిషాలు ఇస్తుంది, 16 గంటల్లో పనికొచ్చేంత గట్టిపడుతుంది. యాక్షన్‌ని దించి, తన బరువు మీద కూర్చోబెట్టి, రబ్బరు ట్యూబు చుట్టి వదిలేయాలి. స్క్రూలు బిగిస్తే యాక్షన్ వంగిన ఆకారంలోనే అచ్చు పడుతుంది. పైకి కారిన ఎపాక్సీని ప్లాస్టిక్ పుల్లతో గీకి, డబ్ల్యూడీ-40లో ముంచిన దూది పుల్లలతో తుడవండి. వెనిగర్ కూడా పనిచేస్తుంది, బ్లూయింగ్ మీద మాత్రం నిలవనివ్వకండి.

నాలుగైదు గంటలయ్యాక ఎపాక్సీ ఎండిన రబ్బరులా ఉన్నప్పుడు స్టడ్‌లని అర చుట్టు తిప్పి, మళ్ళీ అక్కడికే తీసుకురండి. తిరిగాయంటే సగం గుబులు తీరినట్టే. 24 గంటలు నిండాక స్టడ్‌లు పూర్తిగా తీసేసి, స్టాక్‌ని తలకిందులుగా మెత్తటి దుప్పటి మీదికి వంచి, బారెల్ ముందు భాగాన్ని స్టాక్ నుంచి దూరంగా నిట్టనిలువుగా లాగండి. పక్కలకి ఊపితే లగ్ గుంట అంచులు విరుగుతాయి. టక్కుమని చిన్న శబ్దం వస్తుంది, అది మైనం వదిలిన చప్పుడు.

రాకపోతే రబ్బరు సుత్తితో బారెల్ మీద చిన్న దెబ్బలు. అప్పటికీ రాకపోతే మొత్తం ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రీజర్‌లో కొన్ని గంటలు ఉంచండి. చలికి లోహం, ఎపాక్సీ ఒకే కొలతన ముడుచుకోవు, ఆ తేడాకే మైనం పొర దగ్గర పట్టు తెగుతుంది. తీశాక ఆవిరి తడి తుడిచి నూనె పెట్టడం మరవద్దు. ఫ్రీజర్‌కీ లొంగలేదంటే పాలిష్ సంగతి వదిలేసి, ఎక్కడ గొళ్ళెం పడిందో వెతకండి. ముందు ట్రిగ్గర్ పిన్ను రంధ్రాలు చూడాలి. ఎపాక్సీ మేకు కనిపిస్తే సన్నటి డ్రిల్ బిట్టుతో చేత్తో తిప్పి తీసేయొచ్చు. చివరి దారి వేడి. 120 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో డెవ్‌కాన్ పట్టు సడలుతుంది, కానీ ఆ వేడికి సింథటిక్ స్టాక్ కూడా పాడవుతుంది, కాబట్టి చెక్క స్టాక్‌కి మాత్రమే, అదీ యాక్షన్ లోహం వైపు నుంచే.

బయటికి వచ్చిన బెడ్డింగ్‌ని వెలుతురులోకి తెచ్చి చూడండి. యాక్షన్ మీద ఫ్యాక్టరీ మిషన్ గీసిన సన్నటి చుట్లు కూడా ఎపాక్సీలో కనిపిస్తే పాలిష్ సరైన మందంలో ఉన్నట్టు. వాటి మీద అడ్డదిడ్డంగా గుడ్డ చారలు ఉంటే మైనం ఎక్కువైంది. లగ్ మూలలో అంచు కొట్టొచ్చినట్టు పదునుగా కాకుండా గుండ్రంగా మెత్తబడి ఉంటే పీవీఏ అక్కడ చేరింది. ఇలాంటి చోట మొత్తం తవ్వేయనక్కర్లేదు. ఇసుక కాగితంతో గరుకు చేసి, మైనం జాడ లేకుండా ఎసిటోన్‌తో తుడిచి, యాక్షన్‌కి ఈసారి ఒకే పూత పాలిష్ వేసి, పలచగా ఎపాక్సీ రాసి మళ్ళీ దించితే సరిపోతుంది. యాక్షన్ మీద, స్క్రూ రంధ్రాల్లో మిగిలిన మైనాన్ని మినరల్ స్పిరిట్స్‌తో కడిగాకే చివరి బిగింపు. మరల్లో మైనం ఉంటే టార్క్ రెంచి చూపించే అంకె కంటే ఎక్కువ బిగుసుకుంటుంది. అల్యూమినియం పిల్లర్లు ఉన్న రెమింగ్టన్ 700కి 65 అంగుళాల పౌండ్లు, పిల్లర్లు లేని చెక్క స్టాక్‌కి 35 నుంచి 45 మధ్య.